శేషాచలం కొండలను చూడడానికి దొంగదారి అక్కరలేదు

మీరు రాసినదాన్ని బట్టి నేను అర్థం చేసుకున్నది ఇది. డిసెంబరు రెండవ వారంలో మీరు, మరి ముగ్గురు మిత్రులు మూడు రోజులు తిరుపతిలో ఉంటారు. స్వామి దర్శనం పోగా మిగిలిన సమయంలో శేషాచలం అడవిలో నడవాలని మీ కోరిక. వీడియోల్లో చూసిన గుంజన జలపాతానికి, యుద్ధగళ తీర్థానికి తీసుకువెళతానని, అనుమతి పత్రాలేవీ అక్కరలేదని, రాత్రి గుండం పక్కనే పడుకోవచ్చని రైల్వేకోడూరు వైపు యువకుడొకరు మీకు చెప్పారు. వెళ్ళవచ్చా, వెళ్ళకపోతే ఈ కొండలను చూసే మార్గం ఏమిటి అని అడిగారు.

అతనితో అలా వెళ్ళవద్దు. ముప్ఫై ఏళ్ళుగా తిరుపతిలో ఉంటూ, అటవీశాఖ అనుమతితో కొన్నిసార్లు, యాత్రికుల బాటల్లో లెక్కలేనన్నిసార్లు ఈ కొండలు తిరిగినవాడిగా ఈ మాట చెబుతున్నాను. మీరు కోల్పోయేదేమీ పెద్దగా లేదని కూడా చెప్పగలను. ఎందుకంటే, ఈ కొండల్లో చూడవలసినవాటిలో ముఖ్యమైనవి చాలావరకు తెరిచి ఉన్న దారుల పక్కనే ఉన్నాయి. వేల మంది రోజూ వాటి పక్కగా నడిచి వెళుతూ గమనించరు.

ముందుగా చట్టం సంగతి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. తిరుపతి, అన్నమయ్య, కడప జిల్లాల్లో పరుచుకున్న శేషాచల పర్వత ప్రాంతాన్ని 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల మేర బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే మొదటిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి గాని, జాతీయ ఉద్యానంలోకి గాని పర్యాటకం, పరిశోధన, ఛాయాగ్రహణం వంటి పనుల మీద వెళ్ళేవారు అనుమతి పొందే వెళ్ళాలి. అందరూ నడిచే రహదారిలో పోయేవారికి మాత్రం ఆ పట్టింపు లేదు. ఆ యువకుడు చెప్పిన కోనలు రహదారి మీద లేవు. పైగా ఇది ఎర్రచందనం అడవి. రాత్రివేళ వీపున సంచులతో, టార్చిలైట్లతో కనిపించిన నలుగురు కొత్తవారిని గస్తీ సిబ్బంది ముందుగా ఏమని అనుమానిస్తారో ఆలోచించండి. దుంగలు మోసేవారి ముఠా ఎదురైతే పరిస్థితి అంతకంటే చెడ్డది.

చట్టానికి మించిన కారణం ఒకటి ఉంది. నాకు అదే ముఖ్యం. వానలు వెనకపట్టాక ఈ కొండల్లో నీరు నిలిచే చోట్లు కొన్నే మిగులుతాయి. పగలంతా చెట్ల చాటున ఉన్న కణుతులనే పెద్ద జింకలు, దుప్పులు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, చిరుతలు రాత్రి ఆ గుండాలకే నీటికి దిగాలి. అక్కడ నలుగురు మంట వేసుకుని పడుకుంటే ఆ రాత్రికి ఆ నీరు వాటికి లేనట్టే. వారానికొక బృందం అలా పడుకుంటే ఆ కోనను అవి వదిలిపెట్టవలసిందే.

ఇక మీ రెండవ ప్రశ్నకు వస్తాను. దిగిన రోజు ఉదయం కొండెక్కే తొందర పెట్టుకోకుండా, కపిలతీర్థం దగ్గరో అలిపిరి రోడ్డు మీదో నిలబడి ఒక్క పావుగంట కొండవైపు చూడండి. కింది సగం గుండ్రని బండలతో, పొదలతో ఏటవాలుగా ఉంటుంది. పై సగం గోడ కట్టినట్టు నిట్టనిలువుగా, వరుస మీద వరుస పేర్చినట్టు కనిపిస్తుంది. కింద ఉన్నది గ్రానైటు. భూమి మీద చాలా పాత రాళ్ళలో అదొకటి. పైన ఉన్నది క్వార్ట్‌జైటు. సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట లోతులేని నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి అలా రాయి అయింది. ఈ రెండింటి నడుమ గీత గీసినట్టున్న అతుకును భూవిజ్ఞానులు ఎపార్కియన్ విషమవిన్యాసం అంటారు. కింది రాయి పుట్టడానికీ పై రాయి పేరుకోవడానికీ మధ్య 50 కోట్ల ఏళ్ళకు తక్కువ కాని కాలం గడిచింది. ఆ కాలంలో ఇక్కడ ఏమి జరిగిందో చెప్పే రాయి ఒక్కటీ మిగలలేదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండను తొలిచిన చోట ఈ అతుకు బయటపడి ఉంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సులో నిద్రపోతూ దాని ముందు నుంచి వెళ్ళిపోవడం నాకు బాధ కలిగించే విషయం. ఒక చేతివేలి వెడల్పు గీతకు అటూ ఇటూ ఉన్న కాలం మనిషి జాతి వయసుకు వెయ్యి రెట్లకు పైమాటే.

ఈ రెండు రాళ్ళ కథ తెలిస్తే కొండల్లోని నీటి కథ కూడా తెలుస్తుంది. క్వార్ట్‌జైటు తనంత తాను నీరు పీల్చుకోదు. అయితే దానిలో నిలువునా అడ్డంగా పగుళ్ళు ఉంటాయి. పైన పీఠభూమి మీద పడిన వాన ఆ పగుళ్ళలోకి దిగి, లోయల అంచుల్లో ఊటగా, ధారగా బయటికి వస్తుంది. గోడలాంటి అంచు మీదుగా దూకిన చోట కింద గుండం పడుతుంది. మన పూర్వులు అలాంటి ప్రతి గుండానికీ తీర్థమని పేరు పెట్టారు. వేంకటాచలం మీద 66 కోట్ల తీర్థాలున్నాయని పురాణం చెబుతుంది. ఆ సంఖ్యను అలా ఉంచి, పేర్లు తెలిసిన తీర్థాలను మాత్రమే తీసుకుని ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. కుమారధార, తుంబురు, రామకృష్ణ, పాపవినాశనం, ఆకాశగంగ, జాబాలి, చక్రతీర్థం, సనకసనందన తీర్థం అని గుర్తిస్తూ పోతే, ఆ కాగితం ఈ కొండల నీటి పటంగా తయారవుతుంది. ఈనాడు తిరుమలకు నీరందించే జలాశయాలు కూడా కుమారధార, పాపవినాశనం, ఆకాశగంగ పేర్లతోనే ఉన్నాయి. పురాణం చెప్పిన చోటే ఇంజనీరుకూ నీరు దొరికింది.

ఒక్కో తీర్థానికి ఏడాదికొకసారి వెళ్ళే ముక్కోటి అనే ఆచారాన్ని కూడా ఈ దృష్టితో చూడాలి. రామకృష్ణ తీర్థ ముక్కోటి పుష్యమాసంలో, కుమారధార ముక్కోటి మాఘ ఫాల్గుణాల వేళ, తుంబురు ముక్కోటి ఫాల్గుణ పూర్ణిమకు జరుగుతాయి. లోతట్టు తీర్థాలకు ఆ రోజుల్లోనే భక్తులను అనుమతిస్తారు. ఆ తేదీలను కాస్త గమనించండి. ఈశాన్య రుతుపవనం వెళ్ళిపోయి, వంకల్లో వరద భయం తీరి, నీరు మాత్రం ఇంకా తేటగా పారుతూ ఉండే రోజులవి. ఎండ ఇంకా ముదరలేదు. పున్నమి కాబట్టి చీకటి పడినా దారి కనిపిస్తుంది. అడవిని ఏడాదిలో ఒక్కరోజు మనిషికి తెరిచి, మిగిలిన రోజులు దాని మానాన దాన్ని వదిలే కట్టుబాటు ఇది. ఏ చట్టమూ రాకముందే ఈ కొండలకు ఇది ఉంది. అందుకే మీరు కోరుకునే నడకకు నేను సూచించేది డిసెంబరు కాదు, ఫాల్గుణ పూర్ణిమ. పాపవినాశనం నుంచి సాగే ఆ దారిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఆ రోజుల్లో అన్నం, తాగునీరు, వైద్యం ఏర్పాటు చేస్తారు, దారి పొడుగునా సిబ్బంది ఉంటారు. నిర్ణీత వేళల్లోనే పంపుతారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారిని రావద్దంటారు. తుంబురులో రెండు వైపులా ఎత్తైన రాతిగోడలు ఎదురెదురుగా నిలిచి, నడుమ సన్నని సందులో నీరు పారుతుంది. నీటిలోనే నడుస్తూ తలెత్తి చూస్తే ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది.

డిసెంబరులో అది కుదరదు. కనుక ఒక రోజును పూర్తిగా అలిపిరి కాలిబాటకు కేటాయించండి. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. చాలామంది దీన్ని మూడు నాలుగు గంటల్లో ముగించవలసిన పనిగా చూస్తారు. మీరు ఆరు గంటలు పెట్టుకోండి. మొదట్లోనే తలయేరు గుండు అనే బండ ఉంటుంది. మోకాళ్ళ నొప్పి, తలనొప్పి రాకూడదని యాత్రికులు తరతరాలుగా మోకాళ్ళు, తల ఆనించి మొక్కడంతో ఆ రాయి మీద గుంతలు పడ్డాయి. గాలిగోపురం దాకా ఉన్న నిటారు మెట్లలో మీరు గ్రానైటును దాటి పైరాతిలోకి వెళతారు. గుండ్రని బండలు పోయి, పలకలు పలకలుగా విడిపోయే రాయి ఎప్పుడు మొదలైందో గమనించండి. మోకాళ్ళ పర్వతం దగ్గర అన్నమయ్య కథ గుర్తు చేసుకోవలసిందే. 1408లో రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టిన ఆయన చిన్నతనంలో మొదటిసారి కొండెక్కుతూ ఇక్కడే సొమ్మసిల్లి పడిపోయాడని, అలమేలుమంగ కనిపించి ఈ కొండ సాలగ్రామమయం, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందని ఐతిహ్యం. రామానుజులవారు పాదం మోపడానికి మనసొప్పక మోకాళ్ళ మీద ఎక్కారని కూడా చెబుతారు. కొండ రాయిని రాయిగా కాక దేహంగా చూసిన మనుషుల మాటలివి. ఏడుకొండలకూ పేర్లు పెట్టినది ఆ చూపే.

ఈ బాటలో జాగ్రత్తలు పాటించండి. 2023 ఆగస్టులో ఇదే దారిలో చిరుత దాడిలో ఆరేళ్ళ బాలిక చనిపోయింది. ఆ తరువాత చిన్నపిల్లలతో మధ్యాహ్నం దాటాక నడవడంపై ఆంక్షలు వచ్చాయి, గుంపులుగా నడవాలని చెబుతున్నారు. వేళలు మారుతూ ఉంటాయి కనుక ఆ రోజు అలిపిరిలోనే అడిగి తెలుసుకోండి. ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. మెట్ల పక్కన మనం పారేసే తిండికి పందులు, కుక్కలు, కోతులు వస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. కోతికి అరటిపండు ఇవ్వడం పుణ్యమని మీ బృందంలో ఎవరైనా అంటే ఆపండి. తిరుమలలో ప్లాస్టిక్ నీటి సీసాలు నిషేధం. స్టీలు సీసా తీసుకువెళ్ళండి, దారిలో నీరు దొరుకుతుంది.

శ్రీవారి మెట్టు దారి దీనికంటే చాలా పొట్టిది, 2,388 మెట్లు మాత్రమే. కాని అది చూసే దారి కంటే ఎక్కే దారి. 2021 నవంబరు వరదల్లో అది బాగా దెబ్బతిని, మరుసటి మే నెలలో గాని తిరిగి తెరవలేదు. కుక్కలదొడ్డి నుంచి అడవిలోగా తిరుమల పార్వేట మండపం వైపు వచ్చే అన్నమయ్య మార్గం కడప వైపు భక్తుల పాత దారి. దాన్ని తెరిచే రోజులు వేరు. మామూలు రోజుల్లో అటు వెళ్ళవద్దు.

తిరుమల మీద రెండవ రోజు శిలాతోరణం చూడండి. గుడికి కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం పక్కన ఉంటుంది. సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న సహజమైన రాతి వంతెన అది. గాలి, నీరు మెత్తని పొరలను తినివేసి, గట్టి పొరను తోరణంలా మిగిల్చాయి. అక్కడి నుంచి ఆకాశగంగకు, పాపవినాశనానికి బస్సులున్నాయి. దారిలో జాబాలి దగ్గర దిగి, చెట్ల నీడలో కొంత దూరం నడవవచ్చు. స్వామి భక్తుడైన తిరుమలనంబి అభిషేకానికి రోజూ పాపవినాశనం నుంచి కుండతో నీరు మోసుకువచ్చేవారని, ముసలితనంలో ఆయన శ్రమ చూడలేక స్వామే బాణంతో దగ్గరలో ఆకాశగంగను పుట్టించాడని చెబుతారు. ఆ సేవను తలుచుకుంటూ నేటికీ ఏటా తన్నీరముదు ఉత్సవం జరుగుతుంది. ఆ కుండ బరువుతో పాపవినాశనం దారి ఎక్కడమంటే ఏమిటో అక్కడి వాలు చూస్తే అర్థమవుతుంది.

మూడవ రోజు తలకోన. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా ఎర్రావారిపాళెం మండలంలోని నెరబైలు వైపు వెళ్ళాలి. అక్కడ అటవీశాఖ ప్రవేశద్వారం దగ్గర రుసుము కట్టించుకుని లోపలికి పంపుతారు. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. డిసెంబరులో నీరు బాగా ఉంటుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దాటాక దారి చల్లబడుతుంది. చెట్టు నుంచి చెట్టుకు తాళ్ళలా అల్లుకుపోయిన గిల్లతీగ తప్పక చూడండి, దాని కాయ మూర పొడవుకు పైగా ఉంటుంది. భాకరాపేట ఘాట్‌లో ఎర్రచందనం చెట్లను గుర్తుపట్టడం నేర్చుకోండి. మొసలి చర్మంలా గళ్ళుగళ్ళుగా పగిలిన నల్లని బెరడు, సాధారణంగా ఒక రెమ్మకు మూడు గుండ్రని ఆకులు, రెక్కలున్న గుండ్రటి కాయ ఉంటాయి. లోపలి చేవ మాత్రమే ఎరుపు. తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ చెట్టు సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో 1995 నుంచి దీని పేరు ఉంది.

ఎర్రచందనం పేరు అందరికీ తెలుసు, పెరిత పేరు ఎవరికీ తెలియదు. చూడడానికి ఈతమొక్కలా ఉంటుంది గాని అది సైకస్ జాతి. పూలు పుట్టకముందు కాలం నాటి మొక్కల వంశం. ఈ కొండల్లోనే పుట్టి ఈ కొండల్లోనే మిగిలింది. మగ మొక్క, ఆడ మొక్క వేరువేరుగా ఉంటాయి. మగ మొక్క శంకువును నాటు మందుల కోసం కోసుకుపోవడంతో గింజ పట్టడం తగ్గిపోతోంది. సైటీస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో దీన్ని ఉంచారు. కార్చిచ్చు వచ్చినా బోదె నల్లబడి మళ్ళీ చిగురిస్తుంది, కాని మనిషి చేతిని అది తట్టుకోలేదు. తెల్లకరక, మొగినేరేడు, గుగ్గిలం కూడా ఇక్కడి ప్రత్యేకమైన చెట్లే. ఇక బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి తిరుపతి కొండల నుంచే దీన్ని మొదట వర్ణించాడు. నీటి దగ్గరి చల్లని రాతి పగుళ్ళలో ఉండి రాత్రి బయటికి వస్తుంది. గుడ్లను రాతికి అతికించి పెడుతుంది, ఒకే చోట చాలా బల్లులు పెడతాయి. మీరు పడుకుంటానన్న గుండాల పక్కన మంట పొగ మొదట తగిలేది ఆ పగుళ్ళకే.

చాలా ఏళ్ళ కిందటి నవంబరులో, అనుమతి ఉన్న బృందంతోనే, నేను తలకోన పై భాగంలో ఒక వంక దాటాను. నీరు చీలమండల లోతు. మా తల మీద ఎండ ఉంది, దూరంగా కొండ మీద మాత్రం మబ్బు కమ్ముకుంది. రెండు గంటల తరువాత తిరిగి వచ్చేసరికి అదే వంక ఛాతీ లోతున, ఎర్రగా, రాళ్ళు దొర్లించుకుంటూ పారుతోంది. మాతో ఉన్న అడవి కాపలాదారు ముందుగానే నీటి రంగు మారడం చూసి అందరినీ గట్టు ఎక్కించాడు. చీకటి పడేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నాము. అతను లేకపోతే మాలో ఇద్దరు దిగేవారు. రాతినేల నీటిని పట్టి ఉంచదు, పైన పడినదంతా ఒక్కసారిగా కోనలోకి వస్తుంది. డిసెంబరు రెండవ వారంలో కూడా బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడతాయి. తిరుపతిలో వాతావరణ హెచ్చరిక ఉన్న రోజున తలకోనకు వెళ్ళకండి. వెళ్ళినప్పుడు జలపాతం కింద మడుగులోకి దూకకండి. అడుగున బండలు ఎక్కడున్నాయో పై నుంచి కనిపించదు, అక్కడ ప్రాణాలు పోయాయి.

అగ్గిపెట్టె, పొయ్యి మీ సంచిలో ఉండకూడదు. డిసెంబరులో పచ్చగా కనిపించే బోదగడ్డి ఫిబ్రవరికి ఎండుతుంది. 2014 మార్చిలో ఈ కొండల్లో రేగిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

మీకు మాట ఇచ్చిన ఆ యువకుడిని పూర్తిగా కాదనవద్దు. గుంజనకు కాదు, తలకోనకు మీతో రమ్మని అడగండి. అడవి అంచు ఊళ్ళో పుట్టి పెరిగినవాడైతే పెరితకూ ఈతకూ తేడా, కణితి అడుగుకూ దుప్పి అడుగుకూ తేడా మనకంటే బాగా చెప్పగలడు. దొంగదారికి ఇవ్వదలచుకున్న కూలి ఆ రోజుకు ఇవ్వండి. పాతవాళ్ళు ఆ కోనలను ఏమని పిలిచేవారో, ఏ నెలలో ఏ వంక ఎండేదో అతన్ని అడిగి రాసుకోండి. ఫాల్గుణంలో తుంబురుకు వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి.